హెచ్చరిక: పక్షవాతం వస్తే హైదరాబాద్ కాదు, ముందు ఖమ్మం

కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని నేలకొండపల్లి నుంచి నేరుగా హైదరాబాద్ బయల్దేరే కుటుంబాలకు ఈ హెచ్చరిక. అలా వెళ్లకండి. ముందు ఖమ్మం వెళ్లండి. ఖమ్మం పోతే వెనక్కి పోయినట్టే కదా, కోదాడ మీదుగా సూటి దారి ఉంది కదా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కోదాడలోనో సూర్యాపేటలోనో ఫలానా ఆసుపత్రిలో ఏ వేళప్పుడైనా స్కాన్ తీసి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారని మీకు ముందే రూఢిగా తెలిస్తే అటే వెళ్లండి, అభ్యంతరం లేదు. తెలియనప్పుడు మాత్రం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న జిల్లా కేంద్రాన్ని వదిలేసి, దాదాపు 200 కిలోమీటర్ల అవతల ఉన్న నగరాన్ని నమ్ముకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఊళ్లలో ఒక ధీమా పాకుతోంది. "పక్షవాతానికి ఇప్పుడేం భయం లేదు, తొడలో నుంచి వైరు పంపి మెదడులో గడ్డను లాగేస్తారు, రోజంతా టైముంది" అన్న మాట ఫోన్లలో తిరిగే వీడియోల నుంచి టీ కొట్టు దాకా వచ్చేసింది. ఆ మాటలో సగం నిజం. మెదడుకు పోయే పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు ఆ వైరు నిజంగానే మనిషిని నిలబెడుతోంది. కానీ మెదడులో దూరంగా ఉండే సన్నని నాళాల్లో గడ్డ చిక్కుకున్నప్పుడు ఆ వైరు వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని 2025 ఫిబ్రవరిలో రెండు పెద్ద అధ్యయనాలు ఒకేసారి తేల్చాయి. మీ ఇంటి మనిషికి మూసుకుపోయింది పెద్ద నాళమో చిన్న నాళమో ఇంటి వాకిట్లో నిలబడి ఎవరూ చెప్పలేరు. చిన్నదే అయితే, హైదరాబాద్‌లో మీకోసం ఎదురుచూసే రెండో అవకాశమంటూ లేదు. ఉన్నదల్లా ఇంజక్షన్ ఒక్కటే. దాని గడువు నాలుగున్నర గంటలు.

లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున 5 గంటలకు మాట పడిపోయింది. ఇంట్లోవాళ్లు తేరుకునేసరికి అరగంట. వీధి చివర ఆర్ఎంపీ వచ్చి బీపీ చూసి, సెలైన్ పెట్టి, "పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అనేసరికి ఆరున్నర. కారు, డబ్బులు, తోడు వచ్చే బావమరిది దొరికేసరికి ఏడు. కోదాడ దగ్గర హైవే ఎక్కి, పంతంగి టోల్‌గేట్ దాటి, ఎల్బీనగర్ చేరేసరికి పదిన్నర దాటుతుంది. అక్కడి నుంచి ఆసుపత్రి గేటు, క్యాజువాల్టీ, సీటీ స్కాన్ కలిపి మరో గంట. ఇంజక్షన్ గడువు మాత్రం తొమ్మిదిన్నరకే ముగిసింది. అంటే మీ కారు ఇంకా హైవే మీద ఉన్నప్పుడే. అదే ఏడింటికి బయల్దేరిన కారు ఖమ్మం వైపు తిరిగి, మున్నేరు వంతెన మీద కాస్త ఆగాల్సి వచ్చినా, ఎనిమిదికల్లా స్కాన్ గది ముందు ఉంటుంది. చేతిలో ఇంకా గంటన్నర మిగులుతుంది.

రాత్రి నిద్రలో వచ్చిన పక్షవాతమైతే లెక్క ఇంకా కఠినం. పొద్దున లేచినప్పటి నుంచి లెక్కించరు. చివరిసారి మనిషి మామూలుగా ఉన్నట్టు ఎవరు, ఎప్పుడు చూశారో అక్కడి నుంచి లెక్కిస్తారు. రెండింటికి లేచి బాత్రూముకు వెళ్లి వచ్చి మామూలుగా మాట్లాడి పడుకున్నారా? ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క ముక్క మీదే ఇంజక్షన్ ఇవ్వడమా మానడమా అన్నది తేలవచ్చు. కొందరికి ప్రత్యేకమైన స్కాన్లు చూసి గడువు దాటాక కూడా ఇస్తారన్నది నిజమే, కానీ ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు.

ఇప్పుడు ఆ వైరు సంగతి కాస్త వివరంగా చూద్దాం. భయమైనా ఆశైనా తెలిసి పడటం మేలు.

సాగర్ ఎడమ కాలువ పాలేరు దాకా ఎలా వస్తుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రధాన కాలువ, దాని నుంచి మేజరు, మేజరు నుంచి మైనరు, చివరికి పొలంలోకి పిల్లకాలువ. మెదడులో రక్తం పారే తీరూ అంతే. మెడ నుంచి పైకి వచ్చే ధమని, దాని నుంచి మెదడు నడిభాగానికి పోయే పెద్ద శాఖ (నడి ధమని), తల వెనకవైపు పోయే బేసిలార్ ధమని, ఇవి ప్రధాన కాలువలు. అక్కడ నుంచి చీలి దూరం పోయే కొద్దీ నాళం సన్నబడుతుంది. 2 మిల్లీమీటర్లకు లోపు, ముప్పావు మిల్లీమీటరు దాకా ఉండే వాటిని డాక్టర్లు మధ్యస్థ, దూరపు నాళాలంటారు. గడ్డ వల్ల వచ్చే పక్షవాతాల్లో పావు వంతుకు తగ్గకుండా ఈ సన్న నాళాల్లోనే వస్తాయి.

పెద్ద నాళం మూసుకున్నప్పుడు ఇంజక్షన్ ఒక్కటే చాలదు. గడ్డ పెద్దది, మందుకు సులభంగా కరగదు. అందుకే తొడ దగ్గరి ధమనిలోంచి, కొన్నిసార్లు మణికట్టులోంచి, సన్నని గొట్టాన్ని మెదడు దాకా నడిపించి, జాలీలాంటి స్టెంట్‌తో గడ్డను పట్టి లాగడమో, గొట్టంతో పీల్చేయడమో చేస్తారు. దీన్నే థ్రాంబెక్టమీ అంటారు. నెదర్లాండ్స్‌లో జరిగిన మిస్టర్ క్లీన్ అధ్యయనం ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఆ ఏడాదే మరో నాలుగు అధ్యయనాలు అదే మాట చెప్పాయి. ఆ అయిదింటిలోని 1,287 మంది రోగుల వివరాలను 2016లో కలిపి చూస్తే, మూడు నెలల తర్వాత ఎవరి సాయం లేకుండా తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు వైరు వేసినవారిలో నూటికి 46 మంది, వేయనివారిలో 26 మంది చిల్లర. వైద్యంలో ఇంత తేడా చూపే చికిత్సలు అరుదు. 2018లో మరో రెండు అధ్యయనాలు వచ్చి, ఎంచి చూసిన రోగుల్లో ఒకటి 16 గంటల దాకా, ఇంకొకటి 24 గంటల దాకా కూడా ఇది పనిచేస్తుందన్నాయి. "రోజంతా టైముంది" అన్న మన ఊరి మాట పుట్టింది ఇక్కడే. ఆ 24 గంటలు పెద్ద నాళాల సంగతి, అదీ స్కాన్‌లో ఇంకా బతికించుకోదగ్గ మెదడు మిగిలి ఉన్నట్టు కనిపించిన వాళ్ల సంగతి. ఊరి దాకా వచ్చేసరికి ఆ షరతులు రాలిపోయి 24 గంటలు మాత్రం మిగిలింది.

పెద్ద నాళంలో ఇంత బాగా పనిచేసింది కదా, చిన్న నాళంలో ఎందుకు పనిచేయదు అని ప్రపంచమంతటా డాక్టర్లు అనుకున్నారు. పరికరాలు సన్నబడ్డాయి, చేతులకు నేర్పు వచ్చింది. చాలా ఆసుపత్రుల్లో చేయడం మొదలుపెట్టేశారు కూడా. పరీక్షించి చూసే ఓపిక ఉన్నవాళ్లు రెండు అధ్యయనాలు నడిపారు. ఒకటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి నడిచిన డిస్టల్, 11 దేశాల్లో 543 మంది రోగులు. రెండోది కెనడాలోని కాల్గరీ నుంచి నడిచిన ఎస్కేప్ మీవో, అయిదు దేశాల్లో 530 మంది. రెంటినీ లాస్ ఏంజెలిస్‌లో జరిగిన స్ట్రోక్ సదస్సులో వెల్లడించారు, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది.

ఎస్కేప్ మీవోలో మూడు నెలల తర్వాత దాదాపు మునుపటిలా అయినవాళ్లు వైరు వేసినవారిలో నూటికి 41.6 మంది, మందులతో మాత్రమే చూసినవారిలో 43.1 మంది. తేడా లేదన్నమాట. చనిపోయినవాళ్లు వైరు వేసినవైపు నూటికి 13.3, మందుల వైపు 8.4. మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారినవాళ్లు అటు 5.4, ఇటు 2.2. డిస్టల్‌లో మరణాలు రెండువైపులా దాదాపు సమానం, 15.5కు 14. కానీ అక్కడా రక్తస్రావం 5.9కి 2.6. అంకెలు విసుగనిపించవచ్చు, కానీ లక్షలు పోసి సంతకం పెట్టమన్నప్పుడు ఈ అంకెలే మీకు అక్కరకొస్తాయి. వైరు వేయడం వల్ల మేలు కనిపించలేదు. రక్తస్రావం మాత్రం రెండింతలైంది.

ఎందుకిలా? పిల్లకాలువలోకి పొక్లెయిన్ దింపితే గట్టు మిగలదు. సన్న నాళం గోడ పలచన, మలుపులు ఎక్కువ. గడ్డను పట్టి లాగేటప్పుడు నాళం బిగుసుకుపోవచ్చు, చిరగవచ్చు. ఈ రెండు అధ్యయనాల్లో నాళం సరిగ్గా తెరుచుకున్నది నూటికి 70 నుంచి 75 మందిలోనే. పైగా చిన్న గడ్డను ఇంజక్షనే చాలామందిలో కరిగించేస్తుంది. పెద్ద గడ్డతో పోలిస్తే చిన్న గడ్డ ఆ మందుకు బాగా లొంగుతుంది. అందుకే మందులతో చూసినవాళ్లలోనే నూటికి 43 మంది కోలుకున్నారు. "మందులే" అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని అనుకోవద్దు. వీలున్నవాళ్లందరికీ ఇంజక్షన్ ఇచ్చారు, స్ట్రోక్ వార్డులో ఉంచి బీపీ, షుగరు, మింగే శక్తి జాగ్రత్తగా చూశారు. వైరుకు సాటి వచ్చింది ఆ వైద్యం. మన దగ్గర కరువైంది సరిగ్గా అదే.

పరిశోధన ఇక్కడితో ఆగిపోలేదు. ఏ రోగులకు, ఏ నాళంలో, ఏ పరికరంతో చేస్తే ఉపయోగం ఉంటుందో వెతుకులాట సాగుతూనే ఉంది. నడి ధమని రెండో శాఖ మొదట్లో, అది బాగా లావుగా ఉండి, లక్షణాలు తీవ్రంగా ఉంటే వైరు వేయడం మంచిదనే నిపుణులు ఇప్పటికీ ఉన్నారు. అది వాళ్లు రోగిని కళ్లారా చూసి తేల్చుకోవాల్సింది. మాకు అభ్యంతరమల్లా అడగకుండా, చెప్పకుండా, అన్ని గడ్డలకూ ఒకే మందు అన్నట్టు సంతకాలు తీసుకోవడం మీద.

ఇక ఇంట్లో ఉండగానే జరిగే నష్టం. ఇది అన్నిటికంటే పెద్దది.

పక్షవాతం అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఒక్కటే రూపం, మూతి వంకర పోయి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి. పెద్ద నాళం మూసుకుంటే అలాగే ఉంటుంది, ఇల్లంతా గగ్గోలు పెడుతుంది, కారు వస్తుంది. చిన్న నాళం మూసుకుంటే చాలాసార్లు అలా ఉండదు. అందుకే ఎవరూ కదలరు.

ఇలా ఊహించండి. ఫిబ్రవరి, బోదులబండ దగ్గర ఒక మిర్చి కల్లం. తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ ఉన్నట్టుండి కోడలిని ఏదో అడిగింది. గంప కావాలని ఆమె ఉద్దేశం, నోట్లోంచి వచ్చింది వేరే ఏదో మాట. మళ్లీ అడిగింది, మళ్లీ అదే పొంతన లేని మాట. చేతులు ఆడుతున్నాయి, నడుస్తోంది, మూతి సరిగ్గానే ఉంది. "ఏందత్తమ్మా, ఏందేందో మాట్లాడుతున్నవ్" అని కోడలు నవ్వింది. ఎండ దెబ్బేమోనని మజ్జిగ ఇచ్చారు. సాయంత్రానికి "గాలి సోకిందేమో, పొద్దున దర్గా కాడికి తీసుకుపోదాం" అనుకున్నారు. ఆవిడ మెదడులో ఎడమవైపు, మాటకు సంబంధించిన చోటికి పోయే ఒక సన్న నాళం మధ్యాహ్నం మూసుకుపోయింది. ఖమ్మం అక్కడికి గంట దూరం లేదు. ఇంజక్షన్ అందే వేళలోనే ఆవిడకు మజ్జిగ తాగించారు.

మాట తడబడటమే కాదు. మెదడు ముందుభాగానికి పోయే నాళమైతే చేతికేమీ కాదు, ఒక్క కాలే బరువెక్కుతుంది. నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు. మాటామంతీ తగ్గి ముభావంగా కూర్చుంటారు, "అలిగిండు" అనుకుంటారు. వెనకభాగానికి పోయే నాళమైతే చూపులో ఒక సగం పోతుంది. పళ్లెంలో ఒకవైపు అన్నం మాత్రమే తిని మిగతాది వదిలేస్తారు, గుమ్మానికి ఎప్పుడూ ఒకే భుజం తగిలించుకుంటారు, బండి నడుపుతూ ఒక పక్క నుంచి వచ్చే మనిషిని చూడరు. కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్దామనుకుంటారు. చేతి వేళ్లు మాత్రమే మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం కూడా ఇదే కోవ. తాగే అలవాటున్న మనిషైతే సంగతి మరీ అన్యాయం. ఏం జరిగినా "ఎక్కువైందిలే, పడుకోనీయ్" అంటారు.

వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు ఒకటే: ఉన్నట్టుండి రావడం. నిమిషం క్రితం ఉన్నది ఇప్పుడు లేదు. మాట, చూపు, నడక, చేతి పట్టు, వీటిలో ఏది ఉన్నట్టుండి పోయినా అది పక్షవాతమేనని అనుకుని బయల్దేరండి. కాదని స్కాన్‌లో తేలితే సంతోషంగా ఇంటికి రండి. పది నిమిషాల్లో దానంతటదే సర్దుకున్నా సరే, వెళ్లాలి. అలా వచ్చిపోయినవాళ్లకు తర్వాతి కొద్ది రోజుల్లోనే అసలు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ.

ఆర్ఎంపీ డాక్టర్లకు ఒక మాట. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే పలికేది మీరే, ఊళ్లు మీ మీదే ఆధారపడ్డాయి, ఆ సంగతి మేం కాదనడం లేదు. కానీ ఈ ఒక్క జబ్బులో మీరు చేసే వైద్యం వల్ల మేలు కంటే కీడు ఎక్కువ. బీపీ 180 ఉందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేస్తే, మూసుకున్న నాళం చుట్టూ కొనఊపిరితో ఉన్న మెదడుకు ఆ కాస్త రక్తమూ అందదు. గుండెపోటుకు ఇచ్చినట్టు ఆస్పిరిన్ నమిలిస్తే, అది గడ్డ కాకుండా రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతమైతే ప్రాణానికే ముప్పు రావచ్చు. రెంటిలో ఏదో సీటీ స్కాన్ లేకుండా ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేడు. గ్లూకోజు సెలైన్ ఎక్కించడమూ వద్దు. మీరు చేయదగ్గది, చాలా విలువైనది ఒకటుంది. వేలు గుచ్చి షుగరు చూడండి. షుగరు బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది, అది నిమిషంలో సరిచేయదగ్గది. షుగరు బాగానే ఉంటే, లక్షణాలు మొదలైన టైము ఒక కాగితం మీద రాసి, వెంటనే పంపించేయండి.

పావురం రక్తం రాయడం గురించి ఎక్కువ చెప్పం. అది చేసే హాని రక్తంలో లేదు, పావురాన్ని వెతికి తెచ్చే రెండు గంటల్లో ఉంది. నాటుమందు, పసరు, తాయెత్తు, అన్నిటికీ అదే లెక్క. నోటి ద్వారా ఏదీ పెట్టకండి, నీళ్లు కూడా. మింగే శక్తి పోయిన మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తెస్తాయి.

108కి ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు. రావడానికి ఆలస్యమవుతుందంటే సొంత వాహనంలో బయల్దేరండి. మనిషి వాడే మందుల చీటీలన్నీ సంచీలో వేసుకోండి. ముఖ్యంగా గుండె కవాటాల కోసమో, గుండె లయ తప్పినందుకో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మొదటి మాటగా చెప్పాలి. దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి, "పక్షవాతం కేసు, ఇన్ని గంటలకు మొదలైంది, ఇరవై నిమిషాల్లో వస్తున్నాం" అనండి. స్కాన్ గది సిద్ధంగా ఉంటుంది. మధ్యలో ఎవరైనా, అంబులెన్సు డ్రైవరైనా సరే, "నాకు తెలిసిన హాస్పిటల్ ఉంది" అని దారి మళ్లించబోతే రెండు ప్రశ్నలు అడగండి: అక్కడ ఇప్పుడు సీటీ స్కాన్ ఉందా? గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇప్పుడు ఇస్తారా? అవునని ఆసుపత్రి నుంచే ఫోన్‌లో వినకపోతే మళ్లకండి.

ఆ ఇంజక్షన్ కొత్తదేమీ కాదు. ఆల్టిప్లేజ్ పనిచేస్తుందని అమెరికాలో 1995లోనే తేలింది, అప్పుడు గడువు మూడు గంటలు. 2008లో యూరప్ అధ్యయనం దాన్ని నాలుగున్నరకు పొడిగించింది. ఇప్పుడు ఒక్క పోటులో ఇచ్చే టెనెక్టిప్లేజ్ వచ్చింది, పుణెలోనే తయారవుతోంది. ఈ గడ్డ కరిగించే ఇంజక్షన్‌కూ ప్రమాదం లేకపోలేదు. 1995 నాటి అధ్యయనంలో నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమైంది. ఆ సంగతి డాక్టరు చెప్పినప్పుడు భయపడి "వద్దులెండి, మామూలు మందులియ్యండి" అనే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా మొత్తం మీద మేలే ఎక్కువని ముప్పై ఏళ్లుగా తేలుతూ వస్తోంది. ఊళ్లో ఉన్న పెద్దమామకు ఫోన్ కలిసేదాకా సంతకం ఆపకండి.

ఇంజక్షన్ మొదలయ్యాక, తలా మెడా రక్తనాళాల స్కాన్ తీస్తారు, లేదా దానికోసం పై ఆసుపత్రికి పంపుతారు. అప్పుడు హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే వెళ్లండి. మందు ఒంట్లో పనిచేస్తుండగా చేసే ప్రయాణం అది. పెద్ద నాళం మూసుకుందని అంటే మాత్రం క్షణం ఆలోచించకండి. ఈ సంపాదకీయం చదివి "వైరు పనిచేయదని పేపర్లో రాశారు" అని ఎవరైనా వెనక్కి తగ్గితే అది ఇంకో రకం చావు. మెడ ధమని, నడి ధమని మొదటి భాగం, తల వెనక బేసిలార్ ధమని, ఇవి మూసుకుంటే వైరు ప్రాణం పోస్తుంది. బేసిలార్ విషయంలో కూడా చైనాలో జరిగిన రెండు అధ్యయనాలు 2022లో ఆ సంగతి చూపించాయి.

కాబట్టి సంతకం పెట్టే ముందు అడగాల్సింది ఇది: "ఏ నాళం మూసుకుంది సార్? పెద్దదా, చిన్నదా? ఇంజక్షన్ ఇచ్చారా? వైరు వేయకపోతే ఏమవుతుంది?" చిన్న నాళమని చెప్పి, అయినా వెంటనే వైరు వేయాలంటే, మా వాళ్ల విషయంలో ఎందుకు అవసరమని అడగండి. మంచి డాక్టరు స్కాన్ తెర మీద వేలు పెట్టి చూపించి, ఇందుకు అని చెబుతాడు. "టైం లేదు, ముందు కౌంటర్లో కట్టండి" అన్నది మాత్రం జవాబు కాదు. ఎకరం అమ్మకానికి పెట్టే ముందు ఆ మాత్రం అడిగే హక్కు మీకుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మీ ఇంటి మనిషికి చేసేది అందులోకి వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, వస్తుందంటే పేరు అక్కడే నమోదు చేయించుకోండి.

ఇంతవరకూ చెప్పింది ఖమ్మానికి గంటలోపు చేరగలిగే నేలకొండపల్లి, ముజ్జుగూడెం, చెరువుమాధారం సంగతి. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు గూడేల సంగతి వేరు. అక్కడ మంచం కట్టి మోసుకొచ్చి రోడ్డెక్కించడానికే గంటలు పడుతుంది. భద్రాచలం నుంచి ఖమ్మం మరో 120 కిలోమీటర్లు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కినప్పుడు, 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు అసలు రోడ్లే లేవు. ఆ ఊళ్ల మనిషికి ఖమ్మం వెళ్లమని చెప్పడం వెటకారమవుతుంది. ఇంజక్షనే భద్రాచలం రావాలి.

రావడం అసాధ్యమేమీ కాదు. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో 2014 నుంచి ఆ పని జరిగింది. జిల్లా ఆసుపత్రిలో న్యూరాలజిస్టు లేడు. డ్యూటీ డాక్టరు సీటీ స్కాన్ ఫొటో ఫోన్‌లో పెద్దాసుపత్రి నిపుణుడికి పంపాడు, ఆయన చూసి ఇవ్వమన్నాడు, ఇతను ఇచ్చాడు. మందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. కావాల్సింది రాత్రి కూడా నడిచే సీటీ యంత్రం, ఫ్రిజ్‌లో మందు, ఫోన్ ఎత్తే ఒక నిపుణుడు. నిమ్స్‌లో నిపుణులున్నారు, ఖమ్మంలో, కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. క్యాథ్ ల్యాబ్‌లు పెడతాం, కోట్ల పరికరాలు తెస్తాం అనే ప్రకటనలకు రిబ్బన్ కత్తిరింపులు బాగుంటాయి. కానీ చిన్న నాళాల్లో వైరు అదనంగా ఏమీ ఇవ్వలేదని తేలాక, ఆ డబ్బులో కొంతైనా ముందు భద్రాచలం ఏరియా ఆసుపత్రికి, ఖమ్మం పెద్దాసుపత్రికి ఆ ఇంజక్షన్ నిల్వ కోసం, స్ట్రోక్ వార్డు కోసం పోవాలి. ఏ ఆసుపత్రిలో ఏ వేళల్లో స్కాన్ తీసి ఇంజక్షన్ ఇస్తారో జిల్లా వైద్యాధికారి బహిరంగంగా ప్రకటించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, ప్రతి 108 బండిలో ఆ జాబితా ఉండాలి.

ఆ జాబితా వచ్చేదాకా మీరే చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఈ ఆదివారం ఖమ్మంలో మీకు తెలిసిన రెండు మూడు ఆసుపత్రులకు, ప్రభుత్వాసుపత్రితో సహా, ఫోన్ చేసి అడగండి: రాత్రి రెండింటికి వస్తే సీటీ తీస్తారా, ఆల్టిప్లేజ్ గానీ టెనెక్టిప్లేజ్ గానీ ఇస్తారా? అవునన్న చోటి నంబరు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మీ చేలో గుడిసెలు వేసుకున్న కూలీల మేస్త్రీకి కూడా ఆ నంబరు ఇవ్వండి, వాళ్లకు ఇక్కడ ఎవరూ తెలియదు.